ఆరు పుస్తకాల మీద నీ అభిప్రాయాలు చదివాక

కడప

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

అనంతపురం నుంచి నువ్వు రాసి పంపిన సమీక్షల కాగితాలు అందినాయి. చారిత్రక నవల, కథల సంపుటి, కవిత్వం, అనువాదం, పిల్లల కథలు, సీమ వంటలు. ఇంత తేడా ఉన్న ఆరు పుస్తకాలను ఒకేసారి చేతికెత్తుకోవడం నాకు బాగా నచ్చింది. ఎప్పుడూ ఒకే రకం చదివేవాళ్లకు ఆ రకం గురించి కూడా చెప్పడం రాదు. అయితే ఆరింటినీ ఒకే కొలతతో కొలిచినావు. ‘శైలి సరళం’, ‘ఆద్యంతం చదివిస్తుంది’, ‘ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం’ అనే మూడు మాటలూ ఆరు చోట్లా కనబడినాయి. వంటల పుస్తకాన్ని ఎవరూ ఆద్యంతం చదవరు, కావలసిన పేజీ తీసి వండుకుంటారు. ఒక్కో రకం పుస్తకాన్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కోటి ఉంటుంది. ఆ ప్రశ్న సరిగ్గా పడితే అభిప్రాయం దానంతటదే కుదురుతుంది. దానికి ఆధారం ఏ పేజీలో ఉందో చూపిస్తే, నీతో ఒప్పుకోనివాళ్లకు కూడా నీ రాత అక్కరకొస్తుంది.

ముందు కథల సంపుటి చూద్దాం. ఆ పుస్తకం నా దగ్గరా ఉంది కాబట్టి పక్కన పెట్టుకునే రాస్తున్నాను. నువ్వు రాసిన మొదటి వాక్యం: ‘పదమూడు కథలూ ఆణిముత్యాలే, రచయిత సీమ జీవితాన్ని కళ్లకు కట్టినట్టు చూపించారు.’ పుస్తకం పేరును వేలితో మూసి ఈ వాక్యం మళ్లీ చదువు. మన వైపు నుంచి వచ్చిన ఏ కథల పుస్తకానికైనా అతుకుతుంది. అట్లా అతికే వాక్యం ఏదైనా కొట్టెయ్యాల్సిందే. ఆ లెక్కన కొట్టేస్తే నీ రెండు పేజీల్లో నాలుగు వాక్యాలు మిగులుతాయి. వాటిలో ఒకటి నిజంగా నీది: ‘బోరు వేసే కథలో రాతిపొడి వస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడరు.’ మొదలుపెట్టాల్సింది అక్కడ. ఆ నిశ్శబ్దాన్ని రచయిత ఎట్లా రాబట్టినాడో వెతుకు. ఆ రెండు పేజీల్లో సంభాషణ లేదు. వాక్యాలు పొట్టివి. కథ అడుగుల లెక్క మీద నడుస్తుంది: రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందల యాభై. రైతు ముఖం ఎట్లా ఉందో రచయిత ఒక్కసారీ చెప్పలేదు. ఇవి గమనించినాక నీ పేరా ఇట్లా తయారవుతుంది:

‘పదమూడు కథల్లో తొమ్మిది కరువు చుట్టూ తిరిగేవే. వాటిలో 46వ పేజీలోని బోరు కథ మిన్న. ఎన్ని అడుగులు దిగిందో తప్ప రచయిత మరేమీ చెప్పడు, రైతు భయం ఆ అంకెల్లోనే తెలిసిపోతుంది. చివరి మూడు కథల్లో మాత్రం అదే కరువు గురించి పాత్రలు ఉపన్యాసం ఇస్తాయి. అక్కడ కథ ఆగిపోతుంది.’

మెచ్చుకోలు తగ్గలేదు, లోపమూ దాచలేదు. చదివినవాళ్లకు పుస్తకం కొనాలో వద్దో, కొంటే ముందు ఏ కథ తెరవాలో తెలిసింది. ఇంకో పని మిగిలింది. కథల సంపుటాల్లో చాలావరకు ప్రతి కథ చివరా అది మొదట ఏ పత్రికలో ఏ సంవత్సరం వచ్చిందో వేస్తారు. ఆ సంవత్సరాలను ఒక చీటీ మీద వరసగా రాసుకో. పుస్తకంలోని వరస వేరు, రాసిన వరస వేరు. రెండోది చూస్తే రచయిత చెయ్యి ఎప్పుడు తిరిగిందో, ఎక్కడ తనను తాను తిరగరాసుకుంటున్నాడో బయటపడుతుంది.

చదివే పద్ధతి గురించి అడిగినావు. పుస్తకంలో ఒక పొడుగు చీటీ పెట్టుకో. ఆగిపోయిన చోటల్లా పేజీ నంబరు, పక్కన నాలుగైదు మాటలు, అంతే. రెండు వందల పేజీల పుస్తకానికి ఇరవై పాతిక గుర్తులు చాలు. యాభై దాటితే నువ్వు చదవడం మానేసి ఏరుకుంటున్నావని లెక్క. పూర్తయ్యాక రెండు రోజులు పక్కన పెట్టు. తర్వాత పుస్తకం తెరవకుండా, చీటీ చూడకుండా, గుర్తున్నదంతా ఒక పేజీలో రాయి. అందులోకి వచ్చినవే నీ అభిప్రాయానికి మూలం. అప్పుడు చీటీ తీసి సరిచూసుకో. పాత్రల పేర్లు, రచయిత ఇంటిపేరు, కథల శీర్షికలు అక్షరం అక్షరం పోల్చు. ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. పేరు తప్పు రాసినవాళ్ల అభిప్రాయాన్ని ఏ రచయితా లక్ష్యపెట్టడు.

ముందుమాట మాత్రం చివర చదువు. మన పుస్తకాలకు ఒక్కోసారి మూడు నాలుగు ముందుమాటలు ఉంటాయి. అవి ముందే చదివితే ఆ పెద్దల మాటలే నీ కలంలోంచి దిగుతాయి. నీ కవిత్వ సమీక్షలో ‘మట్టి పరిమళం’, ‘ఆర్ద్రత’ అన్న రెండూ ఆ సంపుటి ముందుమాటలోవే. కావాలని తీసుకోలేదని తెలుసు, అవి అట్లానే అంటుకుంటాయి. నీ పేజీ రాసుకున్నాక ముందుమాట చదివితే, ఆ పెద్దాయనతో ఎక్కడ కలిసినావో ఎక్కడ విడిపోయినావో చెప్పే వీలుంటుంది.

చారిత్రక నవల విషయంలో నువ్వు కథ మొత్తం చెప్పేసినావు. మూడో వంతు దాటి కథ చెప్పవద్దు, ముగింపు అసలే వద్దు. దానికి బదులు కాలం సరిగ్గా ఉందో లేదో చూడు. మన ప్రాంతపు నవలైతే ఆ పని నీకంటే బాగా చేసేవాళ్లు ఉండరు. నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసింది 1800లో. అప్పటినుంచి దత్తమండలాలు అన్నారు. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభలో స్థిరపడింది. కంపెనీ తొలినాళ్లలో మన్రో దొర కలెక్టరుగా ఉన్న కాలంలో ఒక రైతు ‘మన రాయలసీమ’ అంటే అది రచయిత గొంతు, రైతుది కాదు. పంటలు కూడా చూడు. అనంతపురం అనగానే వేరుశనగ చేలు కళ్లలో మెదులుతాయి గానీ, అది ఇంతగా విస్తరించింది ఇరవయ్యో శతాబ్దంలో. అంతకు ముందు కాలపు చేలల్లో జొన్న, కొర్ర, సజ్జ, ఉలవ ఉండాలి. మిరపకాయ పోర్చుగీసువాళ్లతో వచ్చింది. వాళ్లకంటే ముందున్న విజయనగర రాజు బుక్కరాయల సైనికుడి సద్దిలో అది కనబడకూడదు. ఇట్లాంటి పొరపాటు ఒకటి దొరికిందని నవలను తీసిపారెయ్యకు. ఒకటైతే ఒక వాక్యంలో చెప్పి ముందుకు నడువు. అధ్యాయానికొకటి దొరికితే అప్పుడు అదే నీ ప్రధాన విషయం. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమను ఒక నవల ఎట్లా నిలబెట్టగలదో చూడాలంటే బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ దగ్గర పెట్టుకో. దానికి 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది.

ఇదే సందర్భంలో ఒక హెచ్చరిక. నవలలో ‘కర్నూలు జిల్లా నంద్యాల’ అని ఉంటే నువ్వు తప్పు పట్టినావు. కొత్త జిల్లాలు వచ్చి నంద్యాల వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. ఆ నవల మొదటి ముద్రణ అంతకు ముందుది. తప్పు పట్టేముందు ముద్రణ వివరాలున్న పేజీ తప్పక తిరగెయ్యి. మొదటి ముద్రణ సంవత్సరం, ఎన్నో ముద్రణ, అనువాదమైతే మూలభాష, అనువాదకుల పేరు అన్నీ అక్కడే ఉంటాయి.

నీ అనువాద సమీక్షలో అనువాదకురాలి పేరే లేదు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. తెలుగులో మనం చదివే ప్రతి వాక్యం ఆమె కూర్చినది. మూల రచయిత శైలి బాగుందని రాసినావు, నువ్వు చదివింది ఆమె శైలి. అనువాదాన్ని మూడు చోట్ల బిగ్గరగా చదువు: మొదటి పేజీ, మధ్యలో ఒక సంభాషణ, ఒక వర్ణన. ఊపిరి ఎక్కడ తడబడితే అక్కడ గుర్తు పెట్టు. ప్రతి నామవాచకం ముందూ ‘ఒక’ వస్తోందా? ‘చేయబడింది’, ‘ఇవ్వబడింది’ గుంపుగా ఉన్నాయా? వాక్యం చివర క్రియ చేరేలోపల కర్త ఎవరో మరిచిపోతున్నామా? వరసలు కూడా చూడు. మూలంలో ఒకే మాట ఉన్నచోట తెలుగులో మామ, బాబాయి, పెదనాన్నల్లో ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. అది కుటుంబానికి సరిపోయిందా లేదా అన్నది పుస్తకమంతా ప్రభావం చూపిస్తుంది. మూలభాష నీకు రాకపోతే మూలంతో పోల్చే మాట ఎత్తకు, తెలుగు వరకే మాట్లాడు. మూలం నుంచి నేరుగా వచ్చిందా, ఇంగ్లీషు మీదుగా వచ్చిందా అన్నది మాత్రం చెప్పి తీరాలి. ఈ విషయంలో గురువు మన ఇంటి దగ్గరే ఉండినాడు. కడప నుంచి ‘సంవేదన’ పత్రిక నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి ‘అనువాద సమస్యలు’ పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. తదుపరి అనువాదం చేతికెత్తుకునేలోగా అది పూర్తి చెయ్యి.

వంటల పుస్తకాన్ని వండకుండా సమీక్షించినావు. కనీసం రెండు వంటకాలు, ఒకటి నీకు బాగా వచ్చినది, ఒకటి ఎన్నడూ చెయ్యనిది, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేసి చూడాలి. సంగటి నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు కదా, అక్కడ మొదలుపెట్టు. గ్లాసుడు బియ్యానికి ఎన్ని గ్లాసుల నీళ్లు చెప్పినారు? అన్నం మెత్తగా ఉడికేదాకా ఆగమన్నారా? రాగిపిండి ఎసట్లో పోసిన వెంటనే కలపమని రాస్తే ఆ పుస్తకంతో సంగటి చేసినవాళ్లకు ఉండలే మిగులుతాయి. పిండిని మధ్యలో కుప్పగా పోసి, తెడ్డుతో ఒక గుంట చేసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద మగ్గనిచ్చి, దించినాక గట్టిగా గెలకాలి. లోపలి పిండికి ఆవిరి అందకముందే కదిపితే పైన తడిసి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పుస్తకం ఈ ‘ఎందుకు’ చెప్పిందా లేదా అన్నదే దాని విలువ. ‘ఉప్పు తగినంత’ అన్నా పర్వాలేదు గానీ, ‘నీళ్లు తగినన్ని’ అంటే కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏం చెయ్యాలి? బొమ్మలు, అట్ట, ధర గురించి నువ్వు రాసిన ఎనిమిది వాక్యాల స్థానంలో ఈ సంగటి ఒక్కటి చాలు.

కవిత్వానికి తక్కువ చెప్తాను. పాదాల విరుపు చెడకుండా నాలుగు పాదాలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తిరాయి, కవిత పేరు ఇవ్వు, ఆ పాదాల్లో ఏం జరుగుతోందో రెండు వాక్యాల్లో చెప్పు. కవితను వచనంలోకి మార్చి చెప్పడం వద్దు. సంపుటిలో ఒకే ప్రతీక ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు. పిల్లల పుస్తకాన్ని పిల్లల ముందు చదివి వినిపించకుండా దాని గురించి రాయకు. నీ ఇంట్లో మూడో తరగతి పాప ఉందన్నావు. ఎక్కడ ప్రశ్న అడిగింది, ఎక్కడ పక్క చూపులు చూసింది, బొమ్మలో ఉన్నది మాటల్లో లేకపోతే ఎట్లా పట్టుకుంది అనేవి రాసుకుంటే పెద్దల పొగడ్త అక్కర్లేదు.

కథల సంపుటిలో ఏడో కథ ‘మధ్యలో తెగిపోయింది, రచయిత అశ్రద్ధ’ అన్నావు. నీ ప్రతిలో 64 తర్వాత 81వ పేజీ వచ్చిందేమో చూడు. పుస్తకాలు మామూలుగా పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. కుట్టేటప్పుడు ఒక ఫారం జారిపోతే సరిగ్గా పదహారు పేజీలు మాయమవుతాయి. నా ప్రతిలో ఆ కథ పూర్తిగా ఉంది. అట్లాగే అచ్చుతప్పులకు రచయితను నిందించకు. పేజీకి రెండు మూడు ఉండి చదువుకు అడ్డం పడుతుంటే, ప్రచురణలో శ్రద్ధ లోపించిందని ఒక్క వాక్యం రాస్తే చాలు. రచయిత స్వయంగా పుస్తకం పంపితే ఆ సంగతి మొదటే చెప్పెయ్యి. దగ్గరివాళ్ల పుస్తకమైతే రాయడమే మానుకో. ఆవిష్కరణ సభలో మాట్లాడే నాలుగు మంచి మాటలు వేరు, అచ్చులో చెప్పే అభిప్రాయం వేరు. రెండూ ఒకటేనని చాలామంది అనుకోవడం వల్లే మన దగ్గర పాఠకులు సమీక్షలను నమ్మడం తగ్గించినారని నా గట్టి అభిప్రాయం.

చోటు విషయం. ఆరింటికీ సమానంగా రెండేసి పేజీలు పంచినావు. కథల సంపుటికి నాలుగు ఇవ్వు, అనువాదానికి రెండున్నర. కవిత్వం, పిల్లల పుస్తకం అర పేజీ చొప్పున సరిపోతాయి. నవలకు పేజీన్నర. వంటలకు సంగటి ఎంత అడిగితే అంత.

తర్వాత వేమన పద్యాల పుస్తకం ఒకటి తీసుకుంటానన్నావు. వేమన పేరు మీద వచ్చే పుస్తకాల్లో పద్యాలు ఏ ప్రతి నుంచి తీసుకున్నారో చెప్పనివే జాస్తి. వేమన పద్యాలు సేకరించిన సి.పి. బ్రౌన్ దొర 1829లో అచ్చువేసినప్పుడు 693 పద్యాలున్నాయి, 1839 నాటికి 1164 అయినాయి. అప్పటికే అంత తేడా ఉందంటే, ఇప్పుడు సంకలనం చేసినవాళ్లు తమ ఎంపికకు ఆధారం చెప్పాలి కదా. ముందు అది వెతుకు. ఒక పది పద్యాలు ఎంచుకుని పాఠాంతరాలు, అంటే వేర్వేరు ప్రతుల్లో ఒకే పద్యానికి ఉన్న తేడాలు, పోల్చు. దానికి నువ్వు కడప వచ్చి ఎర్రముక్కపల్లిలో, బ్రౌన్ బంగళా ఉన్న చోటనే కట్టిన భాషా పరిశోధన కేంద్రంలో కూర్చోవాల్సి ఉంటుంది. పెన్సిలు, తెల్లకాగితాలు, పోల్చాల్సిన పద్యాల మొదటి పాదాల పట్టిక సిద్ధం చేసుకుని రా.

ముందుగా కథల సంపుటి, అనువాదం ఈ రెండూ తిరగరాసి పంపు. వాటితోపాటు నీ చీటీలు కూడా పంపు. చీటీలో ఉండి సమీక్షలోకి రానివి ఏమిటో నేను చూడాలి.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న లాంటివాడు