‘ప్రదేశ్, జి. ఆఫ్ ఎ.’ ఎవరండీ?

ప్రశ్న: విశాఖపట్నంలో సోషల్ వర్క్‌లో పీహెచ్‌డీ రెండో ఏడాది చేస్తున్నాను. జాలరి కుటుంబాల్లో మహిళల ఉపాధి నా అంశం. రిఫరెన్సులన్నీ ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) స్టైల్‌లో ఉండాలన్నారు మా గైడ్. రిఫరెన్సులు దాచుకుని లిస్టు తయారుచేసే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను కానీ నా ల్యాప్‌టాప్‌లో వర్డ్ తెరిస్తే దాని ట్యాబ్ రావడం లేదు. డిపార్ట్‌మెంట్ సిస్టమ్‌లో వస్తోంది గానీ, లిస్టులో పేర్లు అడ్డదిడ్డంగా పడుతున్నాయి. ‘ప్రదేశ్, జి. ఆఫ్ ఎ.’ అని ఒక రచయిత కూడా తేలాడు! సీనియర్ ఒకరు ఇలాంటిదే అయిన ఎండ్‌నోట్‌కి క్రాక్ (దొంగ) వెర్షన్ ఇస్తానంటున్నారు. జిరాక్స్ షాపాయన డబ్బులిస్తే మొత్తం సెట్ చేసి పెడతానంటున్నాడు. ఇదంతా నేర్చుకుంటే రేపు ఉద్యోగానికి పనికొస్తుందా?
– ఒక పరిశోధక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: ఆ ప్రదేశ్‌గారు మరెవరో కాదు, గవర్నమెంట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్! రచయిత పేరుకి జొటెరోలో రెండు గళ్లుంటాయి, ఒకటి చివరి పేరుకి, ఇంకొకటి మొదటి పేరుకి. ప్రభుత్వం పేరు కూడా ఆ రెండు గళ్లలోకి వెళ్లింది. దాంతో చివరి మాటని ఇంటిపేరనుకుని, మిగతావాటిని పొడి అక్షరాలు చేసేసింది. పేరు పక్కనున్న చిన్న బటన్ నొక్కితే రెండు గళ్లూ ఒకటవుతాయి. అందులో పూర్తి పేరు రాయండి, సరిపోతుంది. మీ అంశానికి సెంట్రల్ మెరైన్ ఫిషరీస్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ రిపోర్టులు తప్పవు కాబట్టి వాటినీ ఇప్పుడే చూసుకోండి. లేకపోతే లిస్టులో ‘ఇన్‌స్టిట్యూట్, సి. ఎం. ఎఫ్. ఆర్.’ అని ఇంకొకాయన తయారవుతాడు.

మీ లిస్టులో కనిపించే తేడాల్లో చాలావరకు ఈ జాతివే. రికార్డులో, అంటే ఒక్కో పుస్తకానికి, వ్యాసానికి జొటెరోలో నింపిన వివరాల్లో, ఏముంటే సాఫ్ట్‌వేర్ అదే అచ్చేస్తుంది, దానికి సొంత బుర్ర లేదు. కాబట్టి వర్డ్‌లో కూర్చుని లిస్టు దిద్దకండి. అక్కడ చేత్తో దిద్దింది మళ్లీ రిఫ్రెష్ చేయగానే పోతుంది. జొటెరోలో రికార్డు దిద్ది వస్తే లిస్టు దానంతటదే మారుతుంది.

మన పేర్లతో ఇంకో చిక్కుంది. ఒకే ప్రొఫెసర్ ఒక జర్నల్లో కె. రావు, మరోదాంట్లో కె. వి. రావు, ఇంకోచోట రావు కె. వెంకట అయి ఉంటారు. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, చివర వెతికే అలవాటు ఆ సాఫ్ట్‌వేర్లది. ఏపీఏలో మామూలుగా (రావు, 2018) అని ఉంటే చాలు. కానీ రికార్డుల్లో పొడి అక్షరాలు వేరుగా ఉంటే, ఇద్దరు వేర్వేరు రావులనుకుని (కె. రావు, 2015; కె. వి. రావు, 2018) అని వేస్తుంది. గైడ్‌గారేమో ఇదెక్కడి స్టైలని అడుగుతారు. ఇద్దరూ ఒక్కరేనని మీకు రూఢిగా తెలిస్తే అన్ని రికార్డుల్లో పేరు ఒకేలా పెట్టండి. తెలియకపోతే ముట్టుకోకండి, వాళ్లు నిజంగానే ఇద్దరు కావచ్చు. ముందు వెనకలైన పేరు మీద రైట్ క్లిక్ చేస్తే తారుమారు చేసే ఆప్షన్ ఉంటుంది.

ఒకే వ్యాసానికి 2018ఎ, 2018బి అని రెండు పడుతున్నాయా? అయితే అది రెండుసార్లు చేరిందన్నమాట. ఎడమవైపు డూప్లికేట్ ఐటమ్స్‌లోకి వెళ్లి మెర్జ్ చేయండి. ఒకటి డిలీట్ చేశారంటే వర్డ్‌లో దాన్ని వాడిన చోట లింకు తెగుతుంది.

ఇక వర్డ్ ట్యాబ్. మొదట చూడాల్సింది అది నిజంగా మైక్రోసాఫ్ట్ వర్డేనా అని. చాలా ల్యాప్‌టాప్‌ల్లో డబ్ల్యూపీఎస్ ఆఫీస్ ఉంటుంది, చూడ్డానికి ఒకేలా ఉన్నా అందులో జొటెరో ట్యాబ్ రాదు. బ్రౌజర్లో తెరిచే వర్డ్‌లోనూ అంతే. అసలైన వర్డే అయితే దాన్ని పూర్తిగా మూసేసి, జొటెరోలో ఎడిట్, సెట్టింగ్స్, సైట్ (Cite) వరుసగా తెరిచి ‘రీఇన్‌స్టాల్ మైక్రోసాఫ్ట్ వర్డ్ యాడ్-ఇన్’ నొక్కండి. అప్పటికీ రాకపోతే వర్డ్ ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్ దగ్గర డిజేబుల్ అయి ఉందేమో చూడండి. వర్డ్ పక్కన జొటెరో కూడా తెరిచి ఉండాలన్న సంగతి చాలామందికి తట్టదు.

రికార్డులు చేర్చడానికి బ్రౌజర్‌లో జొటెరో కనెక్టర్ అనే బటన్ పెట్టుకోండి. గూగుల్ స్కాలర్ నుంచి లాగిన వివరాలు తరచూ అరకొరగా ఉంటాయి, జర్నల్ సొంత పేజీకి వెళ్లి అక్కడ బటన్ నొక్కడం మేలు. డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఇచ్చే గుర్తింపు నంబరు) మీ దగ్గరుంటే మంత్రదండం బొమ్మ నొక్కి నంబరు ఇవ్వండి, పుస్తకమైతే దాని మీదుండే ఐఎస్‌బీఎన్ నంబరు. పాత తెలుగు పుస్తకాలకు, స్కాన్ చేసిన జీవోలకు ఇవేవీ పనిచెయ్యవు, చేత్తో ఎక్కించాల్సిందే. తెలుగు శీర్షికలు రోమన్ లిపిలో ఇవ్వాలా, తెలుగులోనేనా అన్నది గైడ్‌గారిని ఇప్పుడే అడగండి, చివర్లో మార్చాలంటే ప్రాణం పోతుంది. చేర్చిన వెంటనే పేరు, ఏడాది, పేజీలు ఒకసారి చూసుకోండి. ఏపీఏ లిస్టులో వ్యాసం శీర్షికకి మొదటి మాట, కోలన్ తర్వాతి మాట, ఊళ్లూ మనుషుల్లాంటి పేర్లు మాత్రమే పెద్దక్షరంతో ఉండాలి. శీర్షిక మీద రైట్ క్లిక్ చేసి సెంటెన్స్ కేస్ చేయండి, ఆ తర్వాత విశాఖపట్నం, ఆంధ్ర లాంటి పేర్లు చిన్నక్షరంలోకి జారాయేమో చూసుకోండి. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్స్ అయితే డీఓఐ కొట్టి చూడందే లైబ్రరీలోకి రానివ్వద్దు. వేరే శీర్షిక వస్తే అక్కడే పారేయండి.

గైడ్‌గారికి చాప్టర్ పంపేటప్పుడు కాపీ పంపండి, అసలు ఫైలు మీ దగ్గరే ఉండాలి. ఆయన వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి సేవ్ చేశారంటే సైటేషన్లు (టెక్స్ట్ మధ్యలో మీరిచ్చిన రిఫరెన్సులు) జొటెరోతో లింకు తెగి ఉత్త అక్షరాలైపోవచ్చు. సవరణలు చూసి మీ ఫైల్లో మీరే ఎక్కించుకోండి. యూనివర్సిటీకి ఇచ్చే ముందు కూడా ఇంకో కాపీ తీసి, ఆ కాపీలోనే జొటెరోతో లింకు తెంచే ‘అన్‌లింక్ సైటేషన్స్’ నొక్కండి.

జొటెరో ఫోల్డర్‌ని వన్‌డ్రైవ్‌లోనో, డ్రాప్‌బాక్స్‌లోనో పెట్టకండి, డేటాబేస్ పాడవుతుంది. దాని సొంత సింక్ వాడుకోండి. రికార్డులకు పరిమితి లేదు, పీడీఎఫ్‌లకు మాత్రం 300 ఎంబీ ఉచితం. స్కాన్ రిపోర్టులతో అది ఇట్టే నిండుతుంది. అప్పుడు కంగారుపడి డబ్బు కట్టేయక్కర్లేదు, ఫైళ్ల సింక్ ఆపేసినా రికార్డుల సింక్ నడుస్తూనే ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన ఊరు మనది, హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ ఉండాలని వేరే చెప్పాలా?

ఎండ్‌నోట్ మంచి సాఫ్ట్‌వేరే. సంస్థ లైసెన్స్ కొనిస్తే వాడండి. క్రాక్ వెర్షన్‌తో వచ్చే వైరస్ మీ ఫీల్డ్ డేటాని తినేస్తే ఎవరు బాధ్యులు? ఇలాంటిదే ఇంకొకటి, మెండెలీ, ఉచితమే. కానీ పాత డెస్క్‌టాప్ వెర్షన్ డౌన్‌లోడ్‌ను 2022లో ఆపేశారు, యూట్యూబ్‌లో కనిపించే పాఠాల్లో చాలా వాటికి, ఇప్పటి తెరకి పొంతన కుదరదు. మీరు జొటెరోలోనే ఉండండి. 2006 నుంచి ఉన్నదే, ఉచితం, ఓపెన్ సోర్స్.

షాపాయన దగ్గరికి వెళ్లొద్దు. అక్కడ చేత్తో టైప్ చేసి ఇచ్చే లిస్టుకి మీ టెక్స్ట్‌తో సంబంధం ఉండదు. వైవా ముందు గైడ్‌గారు రెండు పేరాలు తీసేయమంటే లిస్టులో ఏవి ఉంచాలో, ఏవి తీయాలో మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి. పైగా కామాలు తప్పయినా, పేర్లు తప్పయినా థీసిస్ మీద ఉండేది మీ పేరే. థీసిస్‌లు ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో ఎక్కాక ఎవరైనా తెరిచి చూస్తారు.

ఉద్యోగం సంగతి నిక్కచ్చిగా చెబుతాను. ‘జొటెరో వచ్చు’ అన్న ఒక్క ముక్కకి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. దీని కోసం ఫీజు కట్టి కోర్సులో చేరడం అనవసరం, రెండు సాయంత్రాలు కూర్చుంటే వచ్చేస్తుంది. కానీ రీసెర్చ్ అసిస్టెంట్, ప్రాజెక్ట్ ఫెలో పోస్టుల్లో చేరగానే చేతికిచ్చే మొదటి పని తరచుగా ఇదే: వందల వ్యాసాలు పోగేసి, డూప్లికేట్లు ఏరి, వరుస పెట్టడం. మెడికల్ రైటింగ్, జర్నల్ కాపీ ఎడిటింగ్, లైబ్రరీ కొలువుల్లోనైతే రోజూ ఇదే పని. రెజ్యూమెలో సాఫ్ట్‌వేర్ పేరు ఒక లైను చాలు. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం, ఇన్ని రికార్డుల లైబ్రరీని ఇలా శుభ్రం చేశాను, పేర్ల తేడాలు ఇలా పట్టుకున్నాను అని చెప్పండి. పని చేసినవాళ్లు ఎవరో, పేరు విన్నవాళ్లు ఎవరో అడిగేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ఈ వారంలోనే చేయాల్సింది ఇంకొకటుంది. మీ మొదటి పేపర్ ఇంకా అచ్చు కాలేదనుకుంటాను. మీ పేరు ఇంగ్లిష్‌లో ఎలా పడాలో, ఇంటిపేరు పూర్తిగానా, పొడి అక్షరమా, ముందా, చివరా అన్నది ఇప్పుడే తేల్చుకుని, అదే పేరుతో ఆర్సిడ్ (ORCID) ఐడీ, అంటే పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబరు, తీసుకోండి. అది ఉచితం, 16 అంకెల నంబరు. పేపర్ పంపిన ప్రతిచోటా అదే పేరు, అదే నంబరు ఇవ్వండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నా ఆ నంబరు మారదు, పాత పేపర్లు మీ ఖాతాలోనే ఉంటాయి.