ఇనుప వానను ఎవరూ చూడలేదు

నాయనా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మన సూర్యుడి చుట్టూ కాక, వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం గురించి ‘వాస్ప్-76బి మీద ఇనుప వాన కురుస్తోంది’ అని మొదలుపెట్టావు. చదివించే వాక్యమే. కానీ ఆ వానను ఎవరూ చూడలేదు.

2020లో వెలువడిన పరిశోధనలో ఏముందో మళ్లీ చూడు. ఆ గ్రహం తన నక్షత్రం ముందుగా సాగిపోతున్నప్పుడు, చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుకు అమర్చిన ఎస్ప్రెసో పరికరం ఆ నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసింది. గ్రహం మీద పగలు రాత్రిగా మారే సాయంత్రపు అంచున ఇనుప ఆవిరి జాడ దొరికింది, రాత్రి పగలుగా మారే ఉదయపు అంచున దొరకలేదు. పగటి వైపు 2,400 డిగ్రీలు దాటిన వేడికి ఆవిరైన ఇనుము, చీకటి వైపు చల్లబడి చినుకులై రాలిపోయి ఉంటుందని ఆ శాస్త్రవేత్తలు భావించారు. రెండు అంచుల మధ్య వేడిలో తేడా ఉన్నా, మేఘాలు అడ్డుపడినా అలాగే కనిపించవచ్చని ఆ తర్వాత మరికొందరు లెక్కగట్టారు. అందుకే ఆవిరికి ‘దొరికింది’ అని రాయి, వానకు ‘కురిసి ఉండవచ్చు’ అని రాయి. తెలుగు క్రియల్లో ఆ సౌలభ్యం ఎంత చక్కగా ఉందో!

నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన చోటే నాకు అసలు కథ కనిపించింది. నక్షత్రంలోనూ ఇనుము ఉంటుంది కదా, ఈ ఇనుము గ్రహానిదేనని ఎలా తెలిసింది? ఇనుప పరమాణువులు వర్ణపటంలో వేలాది సన్నని నల్లగీతలు గీస్తాయి. గ్రహం వల్ల ఏర్పడే ఒక్కో గీత విడిగా కంటికి ఆనదు. వాటన్నిటినీ కలిపి లెక్క వేస్తే జాడ పైకి తేలుతుంది. పైగా గ్రహం నక్షత్రం చుట్టూ వేగంగా తిరుగుతోంది కాబట్టి, దాని ముందుగా సాగేటప్పుడు గ్రహం గీతలు క్షణక్షణం నీలం వైపు నుంచి ఎరుపు వైపు జరుగుతూ ఉంటాయి. నక్షత్రం గీతలు దాదాపు ఉన్నచోటే ఉంటాయి. ఆ కదలికే గ్రహాన్ని పట్టిస్తుంది.

2018లో కెల్ట్-9బి అనే మరో గ్రహం వాతావరణంలో ఇనుము, టైటానియం దొరికిందీ ఈ పద్ధతిలోనే. దాని పగటి వైపు వేడి 4,000 డిగ్రీల పైమాటే. అంత వేడిలో ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటాయి. ఏ వేడికి ఎన్ని పరమాణువులు అలా మారతాయో చెప్పే సూత్రాన్ని మన భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా 1920లోనే ఇచ్చాడు. నీ వ్యాసంలో ఆయన ప్రస్తావన లేకపోవడం నాకు బాధ కలిగించింది.

ఇంకొకటి. ఖగోళ శాస్త్రవేత్తలు హైడ్రోజన్, హీలియం తప్ప మిగతా మూలకాలన్నిటినీ లోహాలనే అంటారు, ఆక్సిజన్‌తో సహా. నువ్వు ‘లోహం’ అని రాసిన ప్రతిచోటా ఏ అర్థంలో రాశావో సరిచూసుకో.

మొదటి పేరా తీసెయ్యి. ఆ సాయంత్రపు అంచు దగ్గర మొదలుపెట్టి, మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో.