అడవిల ఉన్నోళ్లకు అడవి సామానేనా?

ఉత్తరం: మేడమ్, మాది కరీంనగర్. మా అన్నయ్య కుటుంబం మహారాష్ట్రలోని సిరొంచలో ఉంటుంది, అక్కడ కిరాణా దుకాణం. అమ్మ కూడా వాళ్ల దగ్గరే. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈ దసరాకు అందరం సిరొంచలో కలిశాం. తమ్ముడి కొడుకు ఎప్పటి నుంచో అడుగుతున్నాడని తొమ్మిది వేలు పెట్టి స్మార్ట్‌వాచ్ కొనిచ్చాను. అన్నయ్య పిల్లలకు, అమ్మాయికి పదకొండేళ్లు, బాబుకు ఎనిమిది, ఇల్లు పట్టదు. ఎప్పుడు చూసినా ప్రాణహిత ఏటి ఒడ్డునో, చెట్ల మీదో. అందుకని వాళ్లిద్దరికీ కలిపి ఒక బైనాక్యులర్, ఒక తల టార్చి తీసుకెళ్లాను. రెండు వేల లోపే అయింది. పిల్లలు ఎగిరి గంతేశారు. వదిన మాత్రం "అడవిల ఉన్నోళ్లకు అడవి సామానేనా" అని లోపలికి వెళ్లిపోయింది. మూడు వారాలుగా ఫోన్ ఎత్తడం లేదు. బైనాక్యులర్ బీరువాలో పెట్టి తాళం వేసిందట. అమ్మాయి పెద్దదవుతోంది, ఏటికి పోవుడు బంద్ అని అమ్మ కూడా అంటోందట. సంక్రాంతికి మళ్లీ వెళ్లాలి. ఈసారి వీళ్లకూ వాచీలే కొనాలా?

జవాబు:

అమ్మా, వాచీలు కొనకండి. ఈ మాట ముందే చెప్పేస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది. అలాగని మీ వదిన కోపం తప్పని కూడా నేను అనను.

డబ్బు లెక్క ముందు తేల్చేద్దాం. ఒకే ఇంట్లో, ఒకే పండగ పూట, ఒక పిల్లాడికి తొమ్మిది వేలు, ఇద్దరు పిల్లలకు కలిపి రెండు వేలు. మీరు పిల్లల ఇష్టం చూసి కొన్నారు. పక్కన నిలబడి చూసేవాళ్లకు కనపడింది ధర. జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అనుకునే రోజైనా సరే, ఇళ్లల్లో ఈ లెక్కలు ఆగవు. పైగా ఆ "అడవి" అనే మాట సిరొంచ వాళ్లకు కొత్త కాదు. జిల్లా కేంద్రం గడ్చిరోలి చాలా దూరం, ముంబై సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఇవతలి నుంచి వెళ్లిన చుట్టం "అబ్బ, ఎంత అడవో" అనకుండా వంతెన దాటి వెనక్కి రాడు. నా చిన్నతనంలో నాలుగేళ్లు మేం బల్లార్షాలో ఉన్నాం. వేసవి సెలవులకు వరంగల్ వస్తే మా పెద్దనాన్న కొడుకులు "మీ ఊళ్లో కరెంటు ఉంటదా" అని అడిగేవాళ్లు. కాగితం మిల్లు నడిచే ఊళ్లో కరెంటు లేకపోవడమేంటి! నేను నవ్వేసేదాన్ని. మా అమ్మ నవ్వేది కాదు.

అయినా అసలు విషయం ధర కాదేమోనని నా అనుమానం. ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో దాటేశారు చూడండి, అమ్మాయిని ఏటికి పోనివ్వొద్దని ఎవరంటున్నారు? మీ అమ్మగారు. అంటే మీ వదినకు అత్తగారు. అత్తగారు పోవద్దంటుంటే, ఆడబిడ్డ వచ్చి పొమ్మన్నట్టు బైనాక్యులర్ చేతిలో పెట్టింది. రేపు పిల్ల ఒడ్డున జారి పడితే మాట పడేది మీరు కాదు, మీ అమ్మ కాదు. బయట తిరిగే పిల్లలకు వస్తువు కొన్నారంటే, వాళ్ల తల్లికి కాపలా పని కూడా కొనిచ్చినట్టే. తల టార్చి ఇచ్చారు. అది పెట్టుకుని పిల్లాడు ఎప్పుడు బయల్దేరతాడు? చీకటి పడ్డాక. వెనకాల పరిగెత్తాల్సింది ఆవిడే. తాళం వేసింది బైనాక్యులర్ మీద కోపంతో కాదు, అమ్మా.

కాబట్టి సంక్రాంతి దాకా ఆగకుండా ఇప్పుడే మీ అమ్మగారితో మాట్లాడండి. కూతురిగా మీరు అడగగలిగింది కోడలు అడగలేదు. మొన్న బతుకమ్మకు తంగేడు, గునుగు ఏరుకొచ్చింది ఎవరని అడగండి. ఆ ఊళ్లో గునుగు ఎక్కడ పూస్తుందో మీ మేనకోడలికి తెలిసినంత ఎవరికీ తెలిసి ఉండదు. పువ్వుల కోసం పోతే పండగ, పిట్టల కోసం పోతే తప్పా? ఇదే మాట వదిన ముందు కాకుండా, అమ్మగారితో విడిగా అనండి. ఆవిడ "సరే, కానీ" అంటారు. ఆ "కానీ" తర్వాత వచ్చే షరతులన్నీ ఒప్పుకోండి. ఒంటరిగా వద్దంటే వద్దు, పొద్దుగూకక ముందే రావాలంటే రావాలి.

ఎందుకంటే ఆవిడ భయం ఉత్తదేం కాదు. వార్ధా, వైన్‌గంగ కలిసి వచ్చే నీళ్లు ప్రాణహితవి. వానాకాలంలో ఆ ఏరు ఎలా ఉంటుందో 2022 జులైలో ఆ ఒడ్డు ఊళ్లన్నీ చూశాయి. అందుకే నన్నడిగితే ఆ పిల్లలకు మొదటి కానుక ఈత. మీ అన్నయ్య చిన్నప్పుడు మునగబెండు కట్టుకుని నేర్చుకునే ఉంటాడు. ఈ వేసవిలో, నీళ్లు తగ్గాక, రోజూ పొద్దున గంటసేపు దుకాణం వదిలి ఇద్దరికీ నేర్పమనండి. ఆ గంట గల్లా దగ్గర మీరు కూర్చోండి, వారం రోజులు ఉండి రండి. పిల్లల బరువుకు సరిపోయే లైఫ్ జాకెట్లు రెండు కొనండి. అన్నట్టు, ఈత వచ్చినంత మాత్రాన వరద ఏటిలో దిగొచ్చని కాదు. వానాకాలం అంతా ఒడ్డు మీద నుంచే చూడాలి.

రెండోది పాము. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ తిరిగే నేల అది. గమ్‌బూట్లు కొనండి, హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. చూడ్డానికి కానుకలా ఉండవు, నిజమే. పిల్లలు మాత్రం వాటిని వేసుకుని పడుకుంటామంటారు. తల టార్చి కూడా ఇక్కడే పనికొస్తుంది: రాత్రి పెరట్లోకి పోవాలన్నా అది పెట్టుకునే పోవాలి అన్నది ఇంటి రూలు చేయమనండి, పెద్దవాళ్లతో సహా. కట్లపాము తిరిగేది రాత్రే. ఒకవేళ కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, మంత్రం ఏదీ వద్దు. కాలు కదపకుండా ఆస్పత్రికి. ఈ ముక్క మీ వదినకు తెలిసే ఉంటుంది, మీకే చెబుతున్నాను.

ఇక ఆ బైనాక్యులర్. టార్చి కూడా కలిపి రెండు వేల లోపు అన్నారు కాబట్టి అడుగుతున్నాను, అది బొమ్మ కాదు కదా? దాని మీద 8×30 అనో 10×50 అనో రాసి ఉంటుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, రెండోది ముందున్న అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. పెద్ద అంకె ఉంటే గొప్పదనుకుని కొంటాం. పది రెట్లు చూపించేది పిల్లల చేతుల్లో వణికిపోతుంది, పిట్ట కుదురుగా కనపడదు. పిల్లలకు 6×30, 8×30 తేలిక. కొనేముందు రెండు గొట్టాలు దగ్గరికి జరిపితే పిల్ల కళ్ల ఎడానికి సరిపోతున్నాయో లేదో చూడాలి. మంచిది కావాలంటే ఖర్చవుతుంది, వాచీకి మీరు పెట్టినంత దాకా పోదు గాని దగ్గరికి వస్తుంది. మీ లెక్క కూడా అక్కడే సర్దుకుంటుంది. దాంతో లకుముకి పిట్ట చేపను పట్టడమే కాదు, పున్నమికి ముందు చంద్రుడి మీది గుంటలు కూడా కనిపిస్తాయి. గోడకు ఆనించి చేతులు కదలకుండా పట్టుకుంటే గురుగ్రహం పక్కన చుక్కల్లా దాని చందమామలు నాలుగు కనపడతాయి. హైదరాబాద్ వెలుతురులో తమ్ముడి కొడుక్కి అంత ఆకాశం దొరకదు. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకూడదు, కళ్లు పోతాయి.

ఇంకో పొరపాటు కూడా చేశారు. ఇద్దరు పిల్లలకు వేరువేరుగా కాకుండా కలిపి ఇచ్చారు. బైనాక్యులర్ అమ్మాయికే ఉంచి, బాబుకు పది రెట్లు చూపించే భూతద్దం వేరుగా కొనండి. రాళ్లు పరీక్షించేవాళ్లు మెడలో వేసుకు తిరిగే చిన్నది, కొన్ని వందల్లోనే వస్తుంది. వాడు నేల మీద ఉండే వయసు. తొలకరికి ఆరుద్ర పురుగు బయటికొచ్చినప్పుడు దాని కాళ్లు లెక్కపెట్టమనండి. ఎనిమిది ఉంటాయి. పురుగు అంటాం గాని అది సాలీడు బంధువు. ఇద్దరికీ చెరో లావుపాటి నోటు పుస్తకం, పెన్సిలు. చూసిన పిట్ట పేరు ఇంట్లో తెలుగులో, బడిలో మరాఠీలో, ఎదురింట్లో గోండివాళ్లుంటే వాళ్ల మాటలో రాయాలి. మనకు లకుముకి, వాళ్ల టీచరుకు ఖండ్యా.

చిలకను పంజరంలో పెట్టి ఇస్తే మురిసిపోతారని ఎవరైనా చెబితే వినకండి. మన చిలకల్ని పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. గులేరు కూడా వద్దు.

మరి వదిన? ఆవిడకు చీర తీసుకెళ్లడం కంటే ముందు, ఫోన్ ఎత్తకపోయినా వాయిస్ మెసేజ్ పెట్టండి. "నీకు చెప్పకుండా కొన్నా వదినా, తప్పు నాదే. ఈసారి ఏం కొనాల్నో నువ్వే చెప్పు" అని. అంతే, సంజాయిషీ వద్దు. ఆవిడ చెప్పింది కొనండి, గమ్‌బూట్లకు బదులు సైకిలే అన్నా సరే. పిల్లలకు ఆవిడ చేతుల మీదుగానే ఇప్పించండి.

ఒక మాట మాత్రం ఆవిడకు చేరేలా చూడండి. సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున కోట అనే చిన్న ఊరుంది కదా. ఆ చుట్టుపక్కల రాతి పొరలకు శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరే పెట్టారు. వాటిలో దొరికిన రాక్షసబల్లికి కోటాసారస్ అని పేరు. దాని ఎముకలు బయటపడింది ఏటికి ఇవతల, యామనపల్లి దగ్గర. సిరొంచ తాలూకాలోనే పోచంపల్లి దగ్గర ఇంకోటి దొరికింది, బారపాసారస్ టాగోరై. బారపా అంటే బెంగాలీలో పెద్ద కాలు, టాగోరై అన్నది రవీంద్రనాథ్ ఠాగూర్ గుర్తుగా. అది కలకత్తా వెళ్లింది. కోటాసారస్ అస్థిపంజరం మాత్రం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. వేసవిలో ముగ్గురు పిల్లల్నీ, వదిననూ తీసుకెళ్లి చూపించండి. స్మార్ట్‌వాచ్ పెట్టుకున్న పిల్లాడికి "ఇది మా ఊరిది" అని మీ మేనకోడలు చెప్పాలి, వదిన వినాలి. ఆ తర్వాత తమ్ముడి కొడుకు సిరొంచ వస్తానంటాడు. వస్తే వడదం దగ్గరి శిలాజాల పార్కు ఈ పిల్లలే తిప్పి చూపిస్తారు. రాయి ముక్క జేబులో వేసుకు రాకూడదని మాత్రం ముందే చెప్పండి, అక్కడివి ఏరకూడదు.

గమ్‌బూట్లు కొంటే పాదం కొలత వదిననే పంపమనండి. కాగితం మీద పాదం పెట్టి గీసి ఫొటో తీస్తే చాలు. ఒక సైజు పెద్దవే తీసుకోండి, వానాకాలానికి సరిపోతాయి.