జర్మన్ యుద్ధాధికారుల సంతకాలు, ఉత్తరాలు సేకరించదలచిన వారికి నా అనుభవం

రెండో ప్రపంచ యుద్ధంలో పతకాలు పొందిన జర్మన్ సైనికాధికారుల సంతకాల ఫోటోలు, ఉత్తరాలు ఎలా సేకరించాలి, నకిలీలను ఎలా పట్టుకోవాలి అని అడిగారు. 1996లో చదువు కోసం జర్మనీలోని ఆఖెన్ నగరానికి వెళ్లినప్పటి నుంచి నేను ఈ సేకరణలో ఉన్నాను. నా మొదటి సలహా ఏమిటంటే, ఫోటో మీద పెట్టదలచిన డబ్బును వీలైనంత వరకు ఉత్తరం మీద పెట్టండి. ఒక్క సంతకాన్ని అనుకరించడం సులువు గాని, రెండు పేజీల దస్తూరిని, కవరును, తపాలా ముద్రను, అందులోని ఊర్లూ తేదీలూ కలిసేటట్లు సృష్టించడం చాలా కష్టం.

ఇది నాకు నష్టపోయాకే తెలిసింది. ఆదివారపు సంతలో ఒక జలాంతర్గామి కమాండర్ ఫోటోను, అది 1941లో సంతకం చేసినదని అమ్మినవాడు చెప్పగా నమ్మి, నెల ఖర్చులో సగం పెట్టి కొన్నాను. మా ప్రయోగశాలలో అతినీలలోహిత దీపం కింద పెడితే ఆ కాగితం నీలి తెలుపు కాంతితో మెరిసిపోయింది. అలా మెరిపించే రసాయనాలను ఫోటో కాగితంలో కలపడం యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు గాని మొదలు కాలేదు. ఆపైన భూతద్దంతో చూస్తే సిరా గీత కాగితం మీద విడిగా లేదు, బొమ్మతో పాటే అచ్చయి ఉంది. అయితే కాగితం కొత్తదైనంత మాత్రాన సంతకం నకిలీది కానక్కరలేదు. చాలామంది మాజీ అధికారులు 1980లలోనూ 1990లలోనూ పాత ఫోటోల కొత్త ప్రతుల మీద నిజంగానే సంతకాలు చేశారు. కాని యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చిన బాల్‌పెన్నుతోనో స్కెచ్ పెన్నుతోనో చేసిన సంతకాన్ని యుద్ధకాలపుదని చెప్పి ఎవరైనా అమ్మజూపితే మాత్రం వెనుదిరగండి. నౌకాదళాధిపతి కార్ల్ డోనిట్జ్ 1956లో జైలు నుంచి విడుదలై, 1980లో మరణించే వరకు హాంబుర్గ్ దగ్గరి ఔమ్యూలె అనే ఊళ్లో ఉంటూ, రాసినవారికి విరివిగా జవాబులిచ్చాడు. అందువల్ల ఆయన సంతకం అరుదైనదన్న మాట నమ్మి ఎక్కువ ధర పెట్టకండి.

నా దగ్గరున్న వాటిలో నేను అన్నిటికన్నా విలువైనదిగా చూసుకునేది ఒక మాజీ ట్యాంకు దళాధికారి ఉత్తరం. చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరును జతచేసి పంపితే, మూడు వారాలకు జవాబు వచ్చింది. ఫోటోలో ఆయన మెడలో శిలువ ఆకారపు పతకం ఉంది. రొమ్ము మీది డేగ కాళ్ల కింద ఉండవలసిన నాజీ గుర్తు చోట, బ్లేడుతో గీకినట్లు చిన్న తెల్లని మచ్చ ఉంది. ఉత్తరం పాత జర్మన్ గొలుసుకట్టు లిపిలో ఉండడంతో నాకు ఒక్క మాటా అంతుపట్టలేదు. ఆ లిపిలో 'e' అక్షరం అచ్చం 'n' లాగే ఉంటుంది. కింది వాటాలో ఉండే మా ఇంటి యజమానురాలు, ఎనభై దాటిన పెద్దావిడ, కళ్లజోడు పెట్టుకుని బిగ్గరగా చదివి వినిపించింది. ట్యాంకులో తనతో ఉన్న నలుగురి పేర్లు, వారి సొంత ఊర్లు, ఎవరెక్కడ పోయారన్నదీ ఆయన రాశాడు. ఉక్రెయిన్‌లోని ఒక ఊరి పేరు దగ్గర ఆవిడ ఆగిపోయి, తన అన్నయ్య తప్పిపోయింది ఆ చుట్టుపక్కలేనని చెప్పింది. ఉత్తరం చివరి దాకా చదివి పెట్టింది గాని, ఫోటోను మాత్రం ముట్టుకోలేదు.

భారతీయ విద్యార్థికి ఇవన్నీ ఎందుకని ఆ అధికారి ఉత్తరం చివర్లో అడిగాడు. మా తాతగారు అప్పటి బ్రిటిష్ ఇండియా సైన్యపు ఇంజనీర్ల దళమైన మద్రాస్ శాపర్స్‌లో చేరి, ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్లు పాతిన మందుపాతరలను వెలికితీసిన మనిషి. అవతలి పక్కన ఉన్నవారెవరో తెలుసుకోవాలని నా కోరిక. ఈ కారణం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మీరు కూడా కొనేముందు ఆ మనిషి ఎవరో తెలుసుకోండి. 1939 సెప్టెంబరులో నెలకొల్పిన రిట్టర్‌క్రాయిజ్ అనే ఆ మెడలో వేసుకునే శిలువ పతకం ఏడు వేల మందికి పైగా దక్కింది. దాని అత్యున్నత శ్రేణిని పొందిన ఏకైక వ్యక్తి, విమానదళానికి చెందిన హాన్స్ ఉల్రిష్ రూడెల్, చివరి దాకా నాజీగానే మిగిలాడు. అదే పతకం పొందిన సైన్యాధికారి ఆక్సెల్ ఫాన్ డెమ్ బుష్షె 1942లో ఉక్రెయిన్‌లోని దుబ్నో దగ్గర యూదుల సామూహిక హత్యను కళ్లారా చూసి, హిట్లర్‌ను చంపడానికి తన ప్రాణమివ్వడానికి సిద్ధపడ్డాడు. పతకం ఒకటే అయినా ఈ ఇద్దరి సంతకాలను నేను ఒకే ఆల్బంలో పెట్టలేను. రూడెల్ సంతకం కొనే అవకాశం రెండుసార్లు వచ్చినా వద్దనుకున్నాను.

జర్మనీలో నాజీ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించడం, పంచిపెట్టడం నేరం. చరిత్ర పరిశోధనకు, బోధనకు మినహాయింపు ఉంది. అందుకే అమ్మకందారులు ఫోటోలో ఆ గుర్తు మీద చిన్న కాగితం అతికిస్తారు. దాన్ని పీకకండి, జిగురుతో పాటు ఫోటో పైపొర ఊడివస్తుంది. మన గడపల మీద వేసే స్వస్తిక్ వేరు, జర్మన్లు హాకెన్‌క్రాయిజ్ అనే ఆ గుర్తు వేరు. అక్కడివారితో ఉత్తరాలు నడిపేటప్పుడు ఈ రెండో మాటే వాడండి. కొన్న ఉత్తరాన్ని ఎన్నడూ లామినేషన్ చేయించకండి. ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారో వేరే కాగితం మీద పెన్సిల్‌తో రాసి జతచేయండి.