గుణుపురంలో కొండ చాటు ఇల్లు: రూటర్ యాంటెన్నా పెట్టినా స్పీడ్ రాకపోతే

తమ్ముడూ, ఫోర్‌జీ రూటర్‌కి మేడ మీద యాంటెన్నా బిగించినా స్పీడ్ పెరగలేదన్నావు. యాంటెన్నాని తిట్టకు. నీ ఫోటోలో ఇంట్లోకి దిగిన ఆ సన్నటి నల్ల కేబుల్ ఉంది చూశావా, దొంగ అదే. ఆర్‌జీ-58 అనే ఆ రకం కేబుల్, ఫోర్‌జీ వాడే 2300 మెగాహెర్ట్జ్ తరంగాల దగ్గర మీటరుకు సుమారు 1 డెసిబెల్ (సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే కొలత) తినేస్తుంది. పది మీటర్లు దిగేసరికి పది డెసిబెల్ పోతుంది, అంటే సిగ్నల్‌లో మిగిలేది పదో వంతే.

రూటర్‌నే మేడ మీదకు తీసుకెళ్లి, నీడలో, వాన తగలని డబ్బాలో పెట్టు. యాంటెన్నా కేబుల్ మీటరులోపు ఉంచి, కిందికి ల్యాన్ వైరు లాగు. అది వంద మీటర్ల దాకా ఇబ్బంది పెట్టదు. రూటర్‌కున్న రెండు యాంటెన్నా పోర్టులకీ రెండు యాంటెన్నా వైర్లు తగిలించు, ఒకటే పెడితే మైమో (ఒకేసారి రెండు దారుల్లో డేటా పంపే పద్ధతి) పని చేయదు. తర్వాత యాంటెన్నాని కొద్దికొద్దిగా తిప్పుతూ రూటర్ పేజీలో ఎస్‌ఐఎన్‌ఆర్ (గోల మీద అసలు సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె, ఎంత ఎక్కువైతే అంత మంచిది) చూడు. రాయగడలో మా ఇంట్లో టవర్ వైపు కంటే కాస్త పక్కకి తిప్పితేనే బాగా వచ్చింది, ఎదుటి కొండ నుంచి తిరిగొచ్చే సిగ్నల్ కాబోలు.

బజార్లో అమ్మే సిగ్నల్ బూస్టర్ జోలికి పోకు, అనుమతి లేకుండా పెట్టడం నేరం.

ఫైవ్‌జీ వచ్చేదాకా ఆగాలా అన్నావు. ఫైవ్‌జీ టవర్ మీద ఉండే మాసివ్ మైమో ప్యానెల్ (64 దాకా చిన్న యాంటెన్నా దారులు కలిసి పనిచేసే పలక) నీ వైపే సిగ్నల్ కిరణాన్ని తిప్పగలదు, కానీ కొండని తొలచలేదు. ఫైవ్‌జీలోనే వాడే 26 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సెంటీమీటరు పైచిలుకే, చెట్ల ఆకులకే ఆగిపోతుంది. మన ఏజెన్సీ ఊళ్లకి 700 మెగాహెర్ట్జే నయం. కొండ మీద, కావలసిన వైపుకి దిశ మార్చగల పలక పెట్టి సిగ్నల్‌ని మళ్లించే పద్ధతి సిక్స్‌జీ కోసం ఇంకా పరిశోధనలోనే ఉంది. ముందు ఆ కేబుల్ మార్చు.