ఆ సీడీలు అమ్మకురా

ఒరేయ్ అల్లుడూ,

ఆక్స్‌ఫర్డ్‌లో పాత సీడీల షాపులన్నీ తిరిగి రేడియోహెడ్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్ ఆల్బమ్‌లు కొన్నావని, వాటిని నాణ్యత ఏమీ పోని ఫ్లాక్ ఫైళ్లుగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ బ్యాండ్ వాళ్లు చదువుకున్న అబింగ్డన్ ఊరి పక్కనే ఉంటూ వాళ్ల పాటలు వింటున్నావంటే ఎంత సంతోషమేసిందో! ఎక్కించాక సీడీలు అమ్మేస్తాడట అంది. అది విన్నాక నిద్ర పట్టలేదురా.

పని తేలికే. డిస్క్‌ను మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడువు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించు, నీ కాపీని మిగతావాళ్ల కాపీలతో పోల్చి చూసే అక్యురేట్‌రిప్ సరిపోయిందని చూపించేదాకా వదలకు. 'ఇన్ రెయిన్‌బోస్' ఆల్బమ్‌కి 2007లో నెట్‌లో ఇచ్చిన ఫైళ్లు 160 కేబీపీఎస్ (సెకనుకి 160 కిలోబిట్లు) ఎంపీ3లు, వాటితో సరిపెట్టుకోకు.

2003లో రెడింగ్ నుంచి హైదరాబాద్ వచ్చేస్తున్నప్పుడు లగేజీ బరువు లెక్క చూసుకుని నా సీడీలన్నీ 128 కేబీపీఎస్ ఎంపీ3లుగా మార్చేశాను. సీడీలో సెకనుకి 1411 కిలోబిట్లు ఉంటాయి. పదకొండో వంతు ఉంచుకుని మిగతాది పారేశానన్నమాట. హార్డ్ డిస్క్ చిన్నది, ఆ రోజు అదే తెలివనిపించింది. డబ్బాలన్నీ అట్టపెట్టెలో వేసి ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో ఇచ్చేసి వచ్చాను.

కొన్నేళ్లకి మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాను. 'ఓకే కంప్యూటర్' ఆల్బమ్‌లోని 'ఎగ్జిట్ మ్యూజిక్' పాటలో గాయకుడి గొంతుని బాత్ నగరం దగ్గర ఒక పాత భవనంలో రాతిమెట్ల మీద రికార్డ్ చేశారు. సీడీలో ఆ మెట్ల గుంయిమనడం పాట వెనకాలే నడిచేది. నా ఫైల్లో అది తడి ఇసుకలా గరగరలాడింది. కంగారుపడి ఎంపీ3లన్నీ ఫ్లాక్‌లోకి మార్చాను. ఫైళ్లు బరువెక్కాయి, మెట్లు మాత్రం తిరిగి రాలేదు. చెరుకు పిప్పిని నీళ్లలో నానబెడితే రసం వస్తుందిట్రా?

ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు. 1997 చలికాలం, నాలుగింటికే చీకటి. రెడింగ్‌లో నా గదిలో నాకు తోడు 'ఓకే కంప్యూటర్', మీ అమ్మమ్మ ఉత్తరాలు. జ్వరంతో పడున్నప్పుడు వచ్చిన ఉత్తరాన్ని మడిచి ఆ సీడీ బుక్‌లెట్‌లో పెట్టుకున్నాను. "మిరియాల కషాయం తాగు నాన్నా" అని రాసింది. డబ్బాతోపాటు అదీ వెళ్లిపోయింది. విమానం ఎక్కాక గుర్తొచ్చింది. అమ్మ చేతిరాత నా దగ్గర ఇంకెక్కడా లేదు.

కంప్యూటర్‌ని నమ్ముకుని అసలు వస్తువుని చేతులారా వదిలేస్తావా, బుద్ధి ఉందా? చోటు లేకపోతే నాకు పంపు, ఖర్చు నేను పెట్టుకుంటా. ఫ్లాక్ ఫైళ్లు రెండు డిస్కుల్లో పెట్టు, రెండోది మీ అమ్మ దగ్గర ఉంచు. చలిలో రాత్రంతా కూర్చోకు నాన్నా, రోజుకి రెండు ఆల్బమ్‌లు చాలు.

వాళ్ల 'కిడ్ ఎ' ఆల్బమ్ మొదటి ప్రింట్లలో సీడీ ట్రే కింద ఇంకో బుక్‌లెట్ దాచి పెట్టారు. నా డబ్బాలో ఉందో లేదో ఎప్పుడూ తీసి చూడలేదు. నీదాన్ని మెల్లగా, గోరు పెట్టి విప్పు. ఉంటే ఫొటో తీసి పంపు.

మామయ్య