మీ అత్తగారి కుర్చీ ఎక్కడ?

కర్నూలు

చి. ల. సౌ. చిట్టికి మీ మామ దీవించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, నువ్వు హోమ్ థియేటర్ కొనబోతున్నావని చెప్పింది. షోరూములో వినిపించారట, నిలువెత్తు స్పీకర్లట, వింటుంటే నీకు ఒళ్లు జలదరించిందట. ముప్పై ఏళ్లు మైక్ సెట్టు నడిపినవాడి మేనకోడలివి, ఆ మాత్రం జలదరించకపోతే నేనే నొచ్చుకునేవాణ్ని. కానీ ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. నువ్వు మీ అమ్మకు పంపిన గది బొమ్మను తెప్పించుకుని, కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాను.

పొడవు 14 అడుగులు, వెడల్పు 10. అందులో ఒక మూలను దేవుడి గది కొరికేసింది. ఎడమవైపు వంటింటికి అడ్డుగోడే లేదు. కింద బేతంచెర్ల నాపరాళ్లు. అనంతపురంలో అంత అద్దెకు నాలుగు గోడలూ సరిగ్గా ఉన్న గది ఒకటి దొరకలేదా తల్లీ? సరే, అయిందేదో అయింది. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి చూడు. దాని వెనకే సన్నగా ‘టర్ర్’మని తోక వినిపిస్తే, స్పీకర్ల కంటే ముందు ఒక మందపాటి జంపఖానా, కిటికీకి బరువైన కర్టెను కొను. ఆ సంగతి అంతే.

బొమ్మలో టీవీ గీశావు, సోఫా గీశావు, ఫ్రిజ్జు కూడా గీశావు. మీ అత్తగారు ఎక్కడ కూర్చుంటారో గీయలేదు. నాకు నిద్ర పట్టనిది అందుకే.

మన పాత ఇంటి హాలు నీకు గుర్తుండదు. సందు వంకరగా ఉండేది కాబట్టి గోడ కూడా వంకరగానే లేచింది. వీధి వైపు 11 అడుగుల వెడల్పు, లోపలికి పోయేసరికి 7. ఆ ఇరుకు చివర మెట్లు, మెట్ల కింద మీ తాత నులక మంచం. 1996లో నాకు కొంచెం డబ్బు ఆడింది. పెళ్లిళ్లకు తిప్పే 15 అంగుళాల బాక్సులు రెండింటిని ఇంటికి తెచ్చి, చూడ్డానికి బాగుంటుందని రెండు మూలల్లోకి నెట్టాను. వీధి వైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆహా, ఏమి చెప్పను! తబలా నా గుండెల మీద పడేది. సందులో పోయేవాళ్లు ఆగి మెచ్చుకునేవారు. అదంతా మీ తాత కోసమే చేశానని అందరికీ చెప్పుకున్నాను కూడా.

ఆయనకు పద్యనాటకాలంటే ప్రాణం. చిన్నప్పుడు సురభి వాళ్ల డేరా పడితే ఇంటికి వచ్చేవాడు కాదట. కాసెట్టులో పద్యం మొదలైతే చాలు, కళ్లు మూసుకుని మంచం పట్టె మీద చూపుడు వేలితో తాళం వేసేవాడు. కొత్త బాక్సులు వచ్చాక, “ఎలా ఉంది నాయనా?” అని అడిగితే, “గట్టిగా ఉందిరా” అన్నాడు. నేను అది మెప్పనుకున్నాను. నాలుగు నెలలకు వేలు ఆడడం మానేసింది. ఆ తరువాత పద్యం పెడితే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు మీ అమ్మమ్మతో, “నాకు చెవులు పోతున్నాయే, పద్యంలో మాట విడిపడడం లేదు” అన్నాడట. చెవుల డాక్టరుకు చూపించాం. వయసుకు తగ్గట్టే ఉన్నాయి, పరవాలేదు అన్నారు. నాకేమో డాక్టరు మీద అనుమానం వచ్చింది గాని, నా బాక్సుల మీద రాలేదు.

ఏడాదిన్నర గడిచింది. ఆయన మీ పెద్దమ్మ ఊరికి వెళ్లినప్పుడు నాకు జ్వరం వచ్చి, చల్లగా ఉంటుందని ఆ మెట్ల కింద మంచం మీద పడుకున్నాను. మీ అత్తయ్య కాసెట్టు పెట్టింది. ఎవరో బియ్యం డబ్బా మీద కొడుతున్నట్టు ‘గుమ్, గుమ్’. నాకు కంఠతా వచ్చిన పద్యమే, అయినా ఒక్క అక్షరం తెలియలేదు. మూలల్లో పెట్టిన బాక్సుల బాస్, అంటే ఆ లావు ధ్వని, అంతా వచ్చి ఆ ఇరుకులో పోగవుతోంది. మాటను మోసే సన్నని ధ్వనేమో నా కుర్చీకి సూటిగా పోతోంది, మెట్ల గోడ చాటున ఉన్న మంచానికి అందడం లేదు. ఊళ్లో ప్రతి పెళ్లిలోనూ చివరి వరస దాకా నడిచి వెళ్లి, అక్కడ నిలబడి విని వచ్చేవాణ్ని. ఇంట్లో పదిహేను అడుగులు నడవలేదు.

జ్వరంతోనే లేచి బాక్సులు బయటికి ఈడ్చేశాను. అంగడిలో ఉన్న ఆరు అంగుళాల చిన్న జత తెచ్చి, చెవుల ఎత్తుకు స్టూళ్ల మీద పెట్టి, మంచం వైపు తిప్పాను. ఆయన తిరిగివచ్చిన రోజు ఏమీ చెప్పకుండా పద్యం పెట్టాను. రెండో పాదంలో వేలు కదిలింది. మూడో పాదం కాసెట్టు కంటే ముందే ఆయన నోట వచ్చింది. ఆ తరువాత ఎనిమిది నెలలే ఉన్నాడు.

అందుకే ముందు మీ అత్తగారు కూర్చునే చోట నువ్వు కూర్చో. ఆవిడ మోకాళ్ల నొప్పులతో దేవుడి గది పక్కనే కుర్చీ వేసుకుంటారని మీ అమ్మ చెప్పింది. ఆ కుర్చీలోకి మాట స్పష్టంగా అందాలి. మిగతా లెక్కలన్నీ దాని తరువాతే.

ఇప్పుడు చీవాట్లు. ఆ నిలువెత్తు స్పీకర్లు మాత్రం వద్దు. షోరూములో కింద తివాచీ, గోడలకు మెత్తని పలకలు, గది నలుపలకలుగా ఉంటుంది. నువ్వు విన్నది సగం ఆ గదినే. ఐదు, ఆరు అంగుళాల చిన్న పెట్టెలు నీకు చాలు. వెనక రంధ్రం ఉన్న పెట్టెను గోడకు ఆనిస్తే బాస్ ఉబ్బుతుంది. నీకు చోటు లేదు కాబట్టి రంధ్రం ముందు ఉన్నదో, అసలు లేనిదో చూడు. ఎడమవైపు గోడ లేదు, కుడివైపు ఉంది, రెండూ ఒకలా పలకవు. రెండింటినీ సోఫా వైపు కొంచెం లోపలికి తిప్పితే తేడా తగ్గుతుంది.

5.1 అంటే ఐదు స్పీకర్లు, బాస్ కోసమే ఉండే పెట్టె ఒకటి, దాన్నే సబ్‌వూఫర్ అంటారు. నీ గదిలో వెనక రెండింటికి సరైన చోటే లేదు. ఒకటి వంటింట్లోనూ ఇంకొకటి దేవుడి గది తలుపు మీదా వేలాడుతుంది. ముందు మూడు, ఒక సబ్‌వూఫర్ తీసుకో. మిగిలిన డబ్బు మధ్య స్పీకరు మీద పెట్టు. సినిమాలో మాటలు ఎక్కువ భాగం దానిలోంచే వస్తాయి. టీవీ అర లోపలికి దాన్ని తోసెయ్యకు, అంచు దాకా ముందుకు లాగు. చిన్న మైకుతో గదిని కొలిచి తనంతట తాను సర్దుకునే రిసీవరు (స్పీకర్లను నడిపే పెట్టె) అయితే మంచిది. అయినా దాని మాటే వేదం అనుకోకు.

వాట్ల సంఖ్య చూసి మోసపోకు. మా రోజుల్లో పెట్టె మీద పీఎంపీఓ 1000 అని, అంటే క్షణంపాటు 1000 వాట్లు ఇస్తుందని, బంగారు రంగులో అచ్చు వేసేవారు. తిప్పి వెనక రేకు చూస్తే, కరెంటు తీసుకునేది 60 వాట్లు! తీసుకోనిది ఎక్కడినుంచి ఇస్తుంది? ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల అసలు వాట్లు, ఎంత అని అడుగు. సెన్సిటివిటీ కూడా అడుగు, ఇచ్చిన వాట్లకు స్పీకరు ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే లెక్క అది. 87 డెసిబెళ్ల స్పీకరుకు 100 వాట్లు కావలసిన చోట, 90 డెసిబెళ్ల దానికి 50 చాలు.

సబ్‌వూఫరును ఎక్కడ పెట్టాలో చెప్పే పాత చిట్కా ఒకటుంది. దాన్ని ఎత్తి సోఫాలో నువ్వు కూర్చునే చోట పెట్టి, బాస్ ఉన్న పాట వేసి, నువ్వు నేల మీద గోడల వెంట పాకాలి. ఎక్కడ బాస్ ఉబ్బకుండా, పలచబడకుండా ఒకే తీరున వినిపిస్తుందో అక్కడ దాన్ని దించాలి. మీ ఆయన నవ్వితే నవ్వనీ. 14 అడుగుల గదిలో సుమారు 40 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా లావు బాస్ దగ్గర, ధ్వని గోడల మధ్య ఇరుక్కుంటుంది. గోడ దగ్గర గూబ అదురుతుంది, గది నడిమికి జరిగితే మాయమవుతుంది. ఒకసారి అత్తగారి కుర్చీలోనూ పెట్టి పాకు.

వైర్లు ఎర్రదానికి ఎర్రది, నల్లదానికి నల్లది. ఒకటి తారుమారైతే రెండు స్పీకర్ల బాస్ ఒకదాన్నొకటి తినేస్తుంది. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల ప్లగ్గులో దూర్చే పని మాత్రం చేశావో, అనంతపురం వచ్చి మరీ తిడతాను. నా ఎడమ బొటనవేలి మీద మచ్చ నీకు తెలుసు కదా.

ఇంకొకటి. ప్లగ్గుల బోర్డు నేల మీద పడేయకు, గోడకు రెండడుగుల ఎత్తులో కొట్టించు. సబ్‌వూఫరు కింద కూడా ఒక పలక వెయ్యి. నువ్వు రెండో అంతస్తులో ఉన్నావని, మీ వీధి దరిదాపుల్లో తుంగభద్ర గాని హంద్రీ గాని లేదని నాకు తెలుసు. కర్నూలును వరద ముంచిన 2009 అక్టోబరు 2న పొద్దున, మా అంగడి దాకా నీళ్లు రావని నేను కూడా అలాగే అనుకున్నాను. ఆంప్లిఫయర్లు అన్నీ కింద వరసలో ఉన్నాయి. నీళ్లు తీశాక అంగడి తలుపు తెరిస్తే, బాక్సుల కోన్లు, అంటే లోపల కదిలి ధ్వని పుట్టించే కాగితం గరాటాలు, తడిసిన అప్పడాల్లా చేతికి వచ్చాయి. వాటిలో మీ తాత విన్న ఆ చిన్న జత కూడా ఉంది. బోర్డు రెండడుగులు. నా మాట విను.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు బయలుదేరుతున్నాను. వైర్లు సరిచూడడానికి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తెస్తాను. తగిలించగానే కోన్ ముందుకు తోస్తే సరే, లోపలికి పోతే తిరగేసినట్టు. మీ అత్తయ్య ఓళిగలు కట్టిస్తానంటోంది. షోరూములో బయానా కట్టకు, గోడకు రంధ్రాలు కొట్టించకు. మీ అత్తగారికి ఏవి వినడం ఇష్టమో అడిగి ఉంచు, అవి తెచ్చుకుని ఇద్దరం షోరూముకు పోదాం.

ఇట్లు,
మీ మామ